ముక్కుపొడి డబ్బాలో రెండు అద్దాలు

మా అత్తమ్మకు ముక్కుపొడి అలవాటు లేకపోయి ఉంటే నా తిప్పుడద్దం తయారయ్యేది కాదు. అది తయారు కాకపోయి ఉంటే ఇంకేమేం జరగకుండా ఉండేవో తలచుకోవడమే ఈ వయసులో నాకు మిగిలిన పని. నాకు కోపం ఎక్కువ. కోపమంటూ ఉన్నాక ఎవరి మీదో ఒకరి మీద చూపించుకోవాలి కదా, చాలా ఏళ్లు ముక్కుపొడి మీద చూపించుకున్నాను. అది ఎదురు మాట్లాడదు.

నిజాం సర్కారు పోయిన మరుసటి ఏడు వికారాబాద్ స్టేషన్ బజారులో రెండు గదులు కిరాయికి తీసుకుని ఫోటో దుకాణం పెట్టాను. అంతకు ముందు నాలుగేళ్లు హైదరాబాద్‌లో ఒక ఉస్తాద్ దగ్గర పని నేర్చుకున్నాను. ఆయన సగం నేర్పాడు, సగం తిట్టాడు. తిట్లే ఎక్కువ గుర్తున్నాయి. ముందు గదిలో దుకాణం, వెనక గదిలో కాపురం, రెంటికీ నడుమ కిటికీ లేని చిన్న అర నా డార్క్‌రూమ్. కొన్నేళ్లకు పెళ్లయితే భార్యతో పాటు అత్తమ్మ కూడా వచ్చేసింది. మామ అప్పటికే లేడు, ఆమెకు ఉన్నది ఒక్క బిడ్డే. "అల్లుడు ఇల్లరికం పోవుడు విన్నం గని, అత్త ఇల్లరికం వచ్చుడు నీ ఇంట్లనే జూసినం" అని బజారులో నవ్వేవారు. నేను కూడా నవ్వేవాణ్ని. ఆమె చేతి జొన్నరొట్టె తిన్నవాడెవడూ ఆ మాటకు బాధపడడు.

నాకు పేరు తెచ్చింది నా కెమెరా కాదు, నా భార్య పెన్సిలు. ఆ రోజుల్లో అమ్మవారు పోసి బతికి బయటపడ్డ ముఖాలు ప్రతి వాడలో ఉండేవి. సంబంధం కోసం పిల్ల ఫోటో పంపాలంటే తల్లులు హడలిపోయేవారు. నెగెటివ్‌లో ఆ మచ్చలు ఒక్కొక్కటీ చిన్న వెలుతురు చుక్కలా కనిపిస్తాయి. వాలుబల్ల మీద గరుకు గాజు, దాని కింద కిటికీ వెలుతురును పైకి తిప్పే ఒక ముఖం చూసుకునే అద్దం. ఆ గాజు మీద నెగెటివ్ పెట్టుకుని, సూదిలా అరగదీసిన పెన్సిలుతో నా భార్య ఆ చుక్కలను ఒక్కొక్కటిగా నింపేది. ఉస్తాద్ నాకు నేర్పిన పనే. నేను పెళ్లయిన కొత్తలో ఆమెకు నేర్పాను. ఏడాది తిరగకుండా నన్ను మించిపోయింది. నేను నింపితే ముఖం సున్నం కొట్టిన గోడలా ఉండేది. ఆమె నింపితే చర్మం చర్మంలాగే ఉండేది.

ఒక్క మచ్చ మాత్రం ఎప్పుడూ వదిలేసేది. ఎందుకని అడిగితే, "అన్ని తీసేస్తే రేపు పిల్లను జూసినోడు మోసపోయిన్నంటడు. ఒక్కటుంటే, అప్పుడు నాకే సరిగ అగుపియ్యలే అనుకుంటడు" అనేది. పరిగి నుంచి, అంత దూరం కొడంగల్ నుంచి, ఆమె పెన్సిలు కోసమే జనం బస్సు ఎక్కి వచ్చేవారు.

నా కెమెరా సంగతి వేరు. అది నా చేతికి వచ్చేసరికే ఇద్దరి చేతుల్లో నలిగింది. షట్టరులో చురుకైన వేగాలన్నీ చచ్చిపోయి, సెకనులో ఇరవై అయిదో వంతు ఒక్కటే మిగిలింది. దుకాణంలో దానితో ఏ తంటా లేదు. ఎండలోకి పోతేనే కష్టం. లెన్సు కన్ను ఎంత చిన్నది చేసినా వెలుతురు పొంగి లోపలికి వచ్చేది.

ఆ కష్టం తాండూరులో పూర్తిగా బయటపడింది. అక్కడి బండల గని సేటు ఒకాయన, బొంబాయి గుత్తేదార్లకు పంపడానికి గనిదీ, నేలకు పరిచేందుకు కోసిన ఫర్షీ బండలదీ ఫోటోలు కావాలని కబురు చేశాడు. పొద్దున రైలుకు పోయాను. గనిలోకి దిగితే కింద బండ, పక్కన బండ, ఎటు చూసినా ఎండ కొట్టి వెనక్కి తంతున్నది. కన్నడం మాట్లాడుకుంటూ కూలీలు కొంగులు, రుమాళ్లు కళ్ల మీదికి లాక్కుని పని చేస్తున్నారు. రంగు తెలియాలని సేటు బండల మీద నీళ్లు కొట్టించాడు. ఇంకా మెరిశాయి. ఇంటికొచ్చి కడిగితే నెగెటివ్‌లన్నీ బొగ్గుల్లా ఉన్నాయి. ప్రింటు తీస్తే ఒట్టి తెలుపు.

సేటు వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమయ్యా, గిది బండనా, తెల్లకాయితమా?"

"ఇంకోపారి తీస్త సేట్."

"తియ్యి. గీపారి గూడ గిట్లనే అయితే గుల్బర్గా నుంచి పిలిపించుకుంట."

మర్యాదగానే అన్నాడు. అందుకే ఎక్కువ తగిలింది. వెలుతురును తగ్గించే బూడిదరంగు అద్దాలు లెన్సుల మీదికి దొరుకుతాయని ఉస్తాద్ నోట విన్నాను గాని కంటితో చూడలేదు. హైదరాబాద్ పోయి రెండు దుకాణాల్లో అడిగితే తెప్పించాలన్నారు. చివరికి జుమ్మేరాత్ బజారులో పాత సామాన్ల కుప్ప మీద, ఒక చెవి కాడ విరిగిన నల్ల కళ్లద్దాలు కనిపించాయి. "చమక్ కాట్‌నేవాలీ ఐనక్ హై సాబ్" అన్నాడు అమ్మేవాడు, మెరుపును కోసే కళ్లద్దాలట. పెట్టుకుని చూస్తే నిజంగానే ఎదుటి మోటారు బండి అద్దం మీది మెరుపు తగ్గింది. తెచ్చుకున్నాను. ఒక అద్దం లెన్సు ముందు పట్టి తీసి చూశాను. కొంచెం తగ్గింది గాని తాండూరు ఎండకు అది ఏ మూలకూ చాలదు. చిరాకు పుట్టి కళ్లద్దాలను బల్ల మీద విసిరాను. ఫ్రేము పగిలి అద్దాలు రెండూ ఊడిపోయాయి.

వాటిని ఏరింది నా భార్య. కొంగుతో తుడిచి, ఒకదాని మీద ఒకటి పెట్టి, గీతలేమైనా పడ్డాయా అని అలవాటు కొద్దీ కిటికీ వెలుతురుకు ఎత్తి చూసింది. పై అద్దం ఆమె వేళ్ల మధ్య కొంచెం తిరిగింది.

"ఇగో, గిటు రా. పగలు రాత్రయింది జూడు."

నేను నమ్మలేదు. చేతిలోకి తీసుకుని తిప్పాను. రెండద్దాలూ ఒకే తీరుగా ఉన్నంతసేపు కిటికీ మామూలుగా ఉంది. తిప్పినకొద్దీ మబ్బు పట్టింది, సాయంత్రమైంది, పూర్తిగా అడ్డం తిప్పేసరికి చీకటి. మళ్లీ వెనక్కి తిప్పితే తెల్లారింది. ఎందుకు అలా అవుతుందో చాలా ఏళ్ల తర్వాత ఒక సైన్సు మాస్టారు చెప్పాడు. ఒక అద్దం నిలువు ఊచల తలుపు, రెండోది అడ్డం ఊచల తలుపు అనుకొమ్మన్నాడు. మొదటి దాంట్లోంచి దూరి వచ్చిన కట్టె రెండో దాంట్లో ఇరుక్కుపోతుంది. అప్పుడు నాకు ఆ సంగతేదీ తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. పని జరిగితే చాలు.

పని జరగాలంటే ఒక అద్దం కదలకుండా, రెండోది తిరుగుతూ ఉండాలి. నా కళ్లు ఇల్లంతా వెతికి అత్తమ్మ ముక్కుపొడి డబ్బా మీద ఆగాయి. గుండ్రటి రేకు డబ్బా, దాని మీద బిగుతుగా తిరిగే మూత. అడుగు కోసేసి ఒక అద్దం అతికించాను. మూత నడుమ కోసి రెండోది అతికించాను. అద్దాలు అసలు గాజు కావు, బ్లేడుకు తెగాయి. మూత మీద గీత గీసి, డబ్బా చుట్టూ అయిదు గుర్తులు నా భార్య కుట్టుసూదితో గీకింది. ఒకటో గుర్తు పలచని మబ్బు, మూడోది మిట్టమధ్యాహ్నపు గని, అయిదోది రాత్రి. డబ్బాను ఎంత కడిగినా మూత అంచులో పొడి పోలేదు. కంటి దగ్గర పెట్టుకుంటే తుమ్ము వచ్చేది.

"నా డబ్బ ఖరాబ్ జేసినవ్ గదా అల్లుడా" అంది అత్తమ్మ.

"ఇది ఇప్పుడు డబ్బ గాదు అత్తమ్మా, మిషిన్."

"మిషిన్ల పొడి వాసనేంది మరి?" అని మూతికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

వాడడంలో ఒక తిరకాసు ఉంది. నా కెమెరాలో లెన్సులోంచి కాక పక్క కిటికీలోంచి చూస్తాం. కాబట్టి ముందు డబ్బాను కంటికి పెట్టుకుని, ఏ గుర్తు దగ్గర చాలో చూసుకుని, అప్పుడు లెన్సుకు తొడగాలి. తొడిగేటప్పుడు మూత తనంతట తాను ఒక గుర్తు ముందుకు తిరిగేది. మొదటి రెండు ఫిల్ములు అలాగే పోయాయి. ఈసారి బొగ్గుల్లా కాదు, ఒట్టి గాజులా. అప్పటి నుంచి గుర్తు కుదిరాక దారంతో చుట్టి తొడిగేవాణ్ని.

రెండోసారి తాండూరు పోయినప్పుడు మూడో గుర్తు. గని గోడలో పొరలు పొత్తం కాగితాల్లా విడివిడిగా వచ్చాయి. తడి బండ మీది మెరుపు మాయమై లోపలి గీతలు బయటపడ్డాయి. సేటు ఆ ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఆఁ, గిప్పుడు బండ బండ లెక్కున్నది" అన్నాడు. గుల్బర్గా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత నేను నేల మీద నిలబడలేదు. దుకాణానికి వచ్చిన ప్రతివాడి కంటికీ డబ్బా పెట్టి, బజారులో పగటిని రాత్రి చేసి చూపించేవాణ్ని. అందరూ తుమ్మేవారు, అందరూ మెచ్చుకునేవారు. దాన్ని కనిపెట్టింది నా భార్య అని మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. ఆమె బల్ల మీద నుంచి తలెత్తి ఒకసారి నావైపు చూసి, మళ్లీ మచ్చలు నింపుకునేది.

అరవైల మధ్యలో ఒక ఏడు పొద్దున పూట సూర్యగ్రహణం పట్టింది. అత్తమ్మ ముందు రోజు నుంచే హడావుడి. నీళ్ల కుండ మీద, తొక్కు జాడీల మీద గరిక వేసింది. పొద్దున్నే పొయ్యి మూసింది. వాకిట్లో ఇత్తడి పళ్లెం పెట్టి పసుపునీళ్లు పోసింది. గ్రహణం చూడాలంటే ఆ నీళ్లలోనే చూడాలి, తల ఎత్తకూడదు. ఆమె తల్లి అలా చూసింది, ఆ తల్లి తల్లి అలా చూసింది. మా బజారులో ప్రతి వాకిట్లో ఒక పళ్లెం ఉంది.

నేను మిషిన్ ఉన్నవాణ్ని కదా, ఊరుకుంటానా? "నువ్వు పళ్లెంల సూర్యున్ని జూస్తవ్ అత్తమ్మా, మేం మొగులు మీది సూర్యున్నే జూస్తం" అన్నాను.

"జూస్తే జూడు. దేవునితోని పరాచకాలొద్దు."

నేను ఆమె మాటకు ఊరుకోలేదు. డబ్బాను ఆమె ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, పళ్లెం వైపు చూపించి, మొత్తంగా పక్కకు తిప్పాను. బండల మెరుపు పోయినట్టే నీళ్లలోని సూర్యుడూ మసకబారిపోయాడు. "ఇగో, నీ దేవుడు మాయం." ఆమె వెనక్కి జరిగి, చెంపలు వేసుకుని, లోపలికి పోయి తలుపు దగ్గరకేసింది. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

"బిడ్డా, నువ్వు లోపటికి రా. నీకెందుకు గవన్ని" అని లోపలి నుంచి కేక.

"డార్క్‌రూమ్‌ల పనున్నదమ్మా" అని అబద్ధమాడి నా భార్య పెరటి గోడ కాడికి వచ్చింది. వస్తూనే కళ్లెగరేసి నవ్వింది. తల్లికి తెలియకుండా చింతకాయ తినే పిల్ల నవ్వు.

కెమెరాలో మూడు ఫోటోలకే ఫిల్ము మిగిలింది. అయిదో గుర్తుకు కొంచెం ఇవతల కట్టి మూడూ తీశాను. సూర్యుడిలో సగానికి పైగా పోయి కొడవలిలా ఉన్నాడు. అది ఎలా వచ్చిందో అప్పటికప్పుడు చూసుకోవాలి, ఆగలేను, అది నా గుణం. డబ్బాను లెన్సు నుంచి ఊడదీసి ఆమె చేతిలో పెట్టాను.

"కండ్లకేం గాదు గదా?" అంది.

"ఎంతసేపన్న జూడు. చంద్రున్ని జూసినట్టే."

ఆ రెండు ముక్కలూ నేనే అన్నాను. నా నోటితోనే అన్నాను. తర్వాత డార్క్‌రూమ్‌లోకి పోయి తలుపు వేసుకున్నాను.

ఫిల్ము కడగడానికి పట్టే సమయం ఎంతో ఫోటో పని చేసేవాళ్లకు చెప్పనక్కరలేదు. తడి నెగెటివ్ పట్టుకుని బయటికొచ్చేసరికి ఆమె ఇంకా గోడకు ఒరిగి, డబ్బాను కంటికి పెట్టుకునే ఉంది. కుడికన్ను అలసిపోతే ఎడమకన్ను, ఎడమది అలసిపోతే కుడిది మార్చుకుంటూ చూసిందట. నా చీకటి ఎక్కువైందన్నట్టు దారం సడలించి మూతను నాలుగో గుర్తు దాకా వెనక్కి తిప్పుకుంది కూడా.

"అంచు సాఫ్‌గ అగుపిస్తలేదని జర తిప్పిన" అంది. "అంచు మస్తు పదునున్నది. నా పెన్సిల్‌తోని అసొంటి గీత రాదు."

బజారులో మిగతావాళ్లు ఒక్క చూపు చూసి చాలనుకుంటారు. గీత పదును చూసి మురిసే మనిషి ఆమె. ఆ పనితనమే ఆమెను అక్కడ అంతసేపు నిలబెట్టింది. నేను ఆమె ముఖం వైపు చూడనైనా చూడలేదు. నెగెటివ్ ఎత్తి పట్టుకుని గంతులేస్తున్నాను. గ్రహణం విడిచిందని అత్తమ్మ పిలిచింది. నా భార్య లోపలికి పోయింది, తల్లి తలమీద నుంచి విడుపు స్నానం పోసింది. నేను ఆ కొడవలి సూర్యుణ్ని పెద్ద ప్రింటు తీసి, పటం కట్టి దుకాణంలో తగిలించాను. వచ్చినవాళ్లంతా నోరు తెరిచి చూశారు.

రెండు రోజులు నా కళ్ల ముందు ఒక నల్లచుక్క ఆడింది. గుర్తు కుదుర్చుకోవడానికి నేను ఒక్క నిమిషమే చూశాను కాబట్టి అది పోయింది. పోయిందని సంతోషించాను గాని, నీకూ ఉందా అని ఆమెను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. రేపు పోతుంది, ఎల్లుండి పోతుంది అనుకుంటూ ఉందట.

వారం లోపలే తాండూరు సేటు తమ్ముడి కూతురి ఫోటో వచ్చింది, సంబంధానికి పంపేది. నా భార్య మచ్చలు నింపిన నెగెటివ్ ప్రింటు తీస్తే ముక్కు పక్కన పిచ్చిగీతలు, మచ్చలు ఉన్నచోటే ఉన్నాయి.

"కండ్లు యాడ పెట్టినవే?" అని అరిచాను.

మర్నాడు ఆమె మళ్లీ చేసింది. ఈసారి పెన్సిలు పెదవి మీదికి పోయింది. నేను మళ్లీ అరిచాను, ఇంకా గట్టిగా. ఆమె పెన్సిలు బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"తిట్టు గని, ఒక్క మాట ఇను. నేను మచ్చ దిక్కు జూస్తే మచ్చ పోతది. పక్కకు జూస్తే వస్తది."

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. ఎదురుగా కూర్చుని, "నేను అగుపిస్తున్ననా?" అని అడిగాను.

"నీ చెవులున్నయ్. జుట్టున్నది. ముఖం కాడ పొగ."

హైదరాబాద్ పెద్దాసుపత్రిలో కళ్ల డాక్టరు చాలాసేపు పరీక్ష చేశాడు. దేనితో చూసిందని అడిగితే జేబులోంచి డబ్బా తీసి ఇచ్చాను. ఆయన దాన్ని కిటికీ వైపు పెట్టి తిప్పాడు. తుమ్మాడు. నవ్వు రావలసిన చోట ఎవరికీ నవ్వు రాలేదు.

"ఇది వెలుతురును ఆపింది. వేడిని ఆపలేదు" అన్నాడు. "ఆ వేడి కంటికి కనిపించదు. ఒట్టి కంటితో సూర్యుణ్ని చూస్తే మంట పుట్టి రెప్ప దానంతటదే పడిపోతుంది. మీరు చల్లగా చీకటి చేసి ఇచ్చారు కాబట్టి రెప్ప పడలేదు. కంటి లోపల, చూపు నిలిచే నడిమధ్యన కాలింది."

"మందు?"

"లేదు. కొందరికి కొన్ని నెలల్లో కొంత తిరిగి వస్తుంది. చూద్దాం."

పసుపునీళ్ల పళ్లెం గుర్తొచ్చింది. తల వంచుకుని రెప్పపాటు చూసి లేచిపోయే ఆ ముసలమ్మల పద్ధతి గుర్తొచ్చింది. నేను వెక్కిరించిందే మా బజారు అందరి కళ్లనూ కాపాడింది.

తిరుగు రైలులో నా భార్య కిటికీ వైపు ముఖం పెట్టి కూర్చుంది. శంకర్‌పల్లి దాటాక అంది: "అమ్మకు గ్రహణం ముచ్చట చెప్పకు. పెన్సిల్ పనితోని కండ్లు గుంజినయని చెప్త."

"ఎందుకు?"

"నీ మీద మన్నుబోస్తది. అమ్మ ముందట నువ్వు తల ఎత్తలేవ్."

నేను వద్దనాలి. మగవాణ్ని, తప్పు చేసినవాణ్ని, నా తప్పు నేను చెప్పుకుంటాననాలి. అనలేదు. రైలు చప్పుడు వింటూ కూర్చున్నాను.

ఇంట్లో గోడకు ఒక క్యాలెండరు ఉండేది. రోజూ పొద్దున ఆమె దాని ముందు నిలబడి తారీకు అంకె వైపు చూసేది. "ఇయ్యాల?" అని అడిగేవాణ్ని. "గట్లనే ఉన్నది" అనేది. నెలలు మారాయి, కాగితాలు చిరిగాయి. ఒక రోజు నేను అడగడం మానేశాను. అడిగినప్పటి కంటే అది ఎక్కువ భారమైంది. అత్తమ్మ మొక్కుకుంటే ముగ్గురం అనంతగిరి పోయాం. తల్లీ బిడ్డా దండం పెట్టుకుంటుంటే కొబ్బరికాయలు పట్టుకుని వెనక నిలబడ్డాను. నాకూ అడగాలనే ఉంది. కళ్లు ఇమ్మని అడగాలంటే ముందు పోగొట్టింది ఎవరో చెప్పుకోవాలి కదా. అక్కడ కూడా నోరు పెగల్లేదు.

"గా పెన్సిల్ పాడుగాను, నా బిడ్డ కండ్లు దిన్నది" అని అత్తమ్మ వాడకట్టులో అందరికీ చెప్పేది. ఆ మాట విన్నప్పుడల్లా డార్క్‌రూమ్‌లోకి పోయి తలుపు వేసుకునేవాణ్ని. మచ్చలు నింపే పని మళ్లీ నా చేతికి వచ్చింది, ముఖాలు మళ్లీ సున్నం గోడలయ్యాయి. పరిగి నుంచి వచ్చేవాళ్లు రావడం తగ్గించారు. నా భార్య ప్రింట్లు కడిగి ఆరేసేది. అంచు పట్టుకుంటే ఏ ఫోటో ఏదో ఆమెకు తెలిసేది. కొడవలి సూర్యుడి పటాన్ని గోడ మీది నుంచి దించేశాను. మేకు అలాగే ఉంది.

ఆ రోజుల్లోనే ఒకసారి అత్తమ్మ నా ముందుకు వచ్చి చెయ్యి చాపింది. "అల్లుడా, నా డబ్బ నాకియ్యి."

పొడి పోసుకోవడానికి వేరే డబ్బా లేదు కాబోలు అనుకున్నాను. అడుగు లేని డబ్బాలో పొడి ఎలా నిలుస్తుందని కూడా ఆలోచించలేదు. అద్దాలు రెండూ పీకేసి ఇచ్చాను. ఆమె దాన్ని బూడిదతో తోమి, ఎక్కడో పెట్టేసుకుంది. ఆ తర్వాత ఆమె ముక్కుపొడి పీల్చడం నేను చూడలేదు. వయసు మీద పడి మానేసిందనుకున్నాను.

రెండేళ్లు గడిచాయి. ఆమెకు ఆయాసం మొదలైంది. ఒక పగటిపూట దుకాణంలోకి వచ్చి, "నేను పోయేలోపట బిడ్డతోని ఒక్క ఫోటో తియ్యరాదు" అంది. ఇన్నేళ్లూ ఫోటోలు తీసే ఇంట్లో ఉండి ఒక్క ఫోటో లేదు ఆమెకు. ఇద్దరినీ బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టాను. గ్రహణం తర్వాత నా భార్య ముందు కెమెరా పెట్టడం అదే మొదలు. పెట్టకుండా ఏదో ఒక సాకు చెప్పుకుంటూ వచ్చాను.

అన్నీ సరిచూసుకుని, కెమెరా పక్కన నిలబడి, ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ అనేశాను: "ఇటు చూడుండ్రి."

అత్తమ్మ నా వైపు చూసింది. నా భార్య నా ఎడమ చెవి పక్కన గోడను చూస్తున్నది.

"జర ఇటు" అన్నాను. అనకుండా ఉండవలసింది.

"అటు జూస్తే నువ్వు ఉండవ్" అంది, మామూలుగానే.

నాలో అన్నాళ్లు కట్టి పెట్టుకున్నదేదో అప్పుడు తెగింది. "అత్తమ్మా, పెన్సిల్‌తోని గాదు. గ్రహణం నాడు నేనే డబ్బ ఇచ్చి జూడుమన్న. ఎంతసేపన్న జూడుమన్న" అన్నాను.

అత్తమ్మ కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. "ఎరుకనే" అంది.

నా భార్య తల్లి వైపు తిరిగింది.

"విడుపు స్నానం పోసింది నేనే గదా. నీ రెండు కండ్ల సుట్టు నా పొడి గుండ్రంగ అంటుకోనుండె బిడ్డా. నేనే కడిగిన."

"మరి ఒక్క మాట గూడ ఎందుకనలే?" అని అడిగాను.

"అంటే కండ్లొస్తయా?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "నా బిడ్డ నిన్ను కాపాడుకుంటున్నది. దాని మాట నేను తీసేయాల్నా? తియ్యి అల్లుడా, ఎండ పోతది."

పెన్సిలు పాడుగానని ఆమె వాడకట్టంతా ఎందుకు చాటిందో, డబ్బా ఎందుకు అడిగి తీసుకుందో అప్పుడు తెలిసింది. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తిట్టే హక్కున్న ఇద్దరు ఆడవాళ్లూ తిట్టకుండా నా ఎదురుగా బల్ల మీద కూర్చుని, నేను ఫోటో తీయడం కోసం చూస్తున్నారు. నేను చేయగలిగింది అదొక్కటే. కళ్లు తుడుచుకుని షట్టరు తీగ పట్టుకున్నాను.

"ఎటు జూస్తే నేను అగుపిస్తనో అటే జూడు" అన్నాను నా భార్యతో.

ఆమె ముఖం కొంచెం పక్కకు తిప్పింది, వెతికింది, ఒకచోట ఆగింది. చిన్నగా నవ్వింది. అప్పుడు నొక్కాను.

కొడవలి సూర్యుడు ఉన్న మేకుకే ఆ ఫోటో తగిలించాను. అత్తమ్మ ఆ చలికాలం దాటలేదు. దుకాణానికి వచ్చినవాళ్లు ఆ పటం చూసి, పెద్దామె మంచిగా చూస్తున్నది గాని చిన్నామె ఎటో చూస్తున్నదేంది, ఇంకోటి తీయాల్సింది కదా, అని నాకు నా పని నేర్పుతారు. నాకు కోపం ఎక్కువే, కాని ఆ మాటకు మాత్రం రాదు. ఆ ఫోటోలో ఆమె నన్నే చూస్తున్నది.